వసై కోటలో మా ఇంటి అడ్రసు

పిల్లలతో వసై కోటకు ఎలా వెళ్లాలని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నేను వెళ్లింది ఎనభైల్లో, ఒకే ఒక్కసారి. మళ్లీ వెళ్లాలనిపించలేదు. అందులో కోట తప్పేమీ లేదు. అప్పుడు మేం బొంబాయిలోని కామాటిపురలో, మా ఆయన తాతల నాటి చాల్‌లో, అంటే వరసగదుల మేడలో, ఒకే గదిలో ఉండేవాళ్లం. మా ఆయన నర్సింహులు ఇళ్లలో బండలు పరిచే మేస్త్రి. మా అమ్మాయి సుజాతను ఆ ఏడాదే మా గల్లీలకు బయట ఉన్న ఒక మరాఠీ బడిలో చేర్పించాం. నెల తిరక్కుండానే అది "మన ఇల్లు యాడుందో బడిల చెప్పను" అని మొండికేసింది. ఎందుకని అడగనక్కర్లేదు. కామాటిపుర అంటే ఊరి జనానికి ఆ నాలుగు గల్లీల్లో ఒళ్లమ్ముకునే ఆడవాళ్లే గుర్తొస్తారు. పాలమూరు నుంచి వచ్చి రాళ్లు మోసి ఇదే ఊరిని కట్టిన కామాటీలు ఎవరికీ గుర్తురారు. అందుకే మా చాల్‌లో పిల్లలకు మాటలు రాగానే వేరే పేట పేరు చెప్పడం నేర్పేసేవారు. మా ఆయన మాత్రం ససేమిరా అన్నాడు.

"నా బిడ్డ ఝూట్ ఎందుకు చెప్పాలె? రాయి పనంటే ఏందో కోటకు తీస్కపోయి చూపిస్త. అప్పుడు ఆమెనే సీనా తీసి చెప్తది."

"ఆ కోట పోర్చుగీసోళ్లదంట. మనోళ్లు కట్టలే," అన్నాను.

"పేరు దొరలది. రాళ్లు మోసింది మనసొంటోళ్లే," అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

ఆదివారం పొద్దున్నే జొన్నరొట్టెలు, పల్లీల పొడి, ఉల్లిగడ్డలు మూటగట్టాను. ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా నడిచి గ్రాంట్ రోడ్ స్టేషన్లో లోకల్ ఎక్కి, దాదర్‌లో విరార్ బండికి మారాం. ఆదివారమైనా ఊపిరాడని రద్దీయే, కానీ బోరివలి దాటాక కూర్చోవడానికి చోటు దొరికింది. వసై ఖాడీ, అదే సముద్రపు పాయ, మీది వంతెన దాటుతుంటే పిల్లలిద్దరూ కిటికీ ఊచలకు అతుక్కుపోయారు. దాదర్ నుంచి గంట పైనే పట్టింది. వసై రోడ్ స్టేషన్ బయట కోట దాకా బస్సు చవకే, కానీ ఎప్పుడొస్తుందో తెలియదు. నాలుగేళ్ల మా రవి గుర్రాన్ని చూసి కదలనన్నాడు కాబట్టి టాంగా ఎక్కక తప్పలేదు. టాంగావాలా దారిలో ఒక బావి దగ్గర ఆపి, "అందర్ పానీ నహీ మిలేగా, బాయీ," అన్నాడు. లోపల నీళ్లు దొరకవని అతను చెప్పబట్టి సీసాలు నింపుకున్నాం.

కోట సముద్రం ఒడ్డున ఉంది. లోపల పైకప్పుల్లేని పాత చర్చిలు, నడుమెత్తు గడ్డి, తాడిచెట్లు. పిల్లలు పరిగెత్తడానికి అంతకంటే మంచి చోటు బొంబాయి చుట్టుపక్కల లేదు. మా ఆయన సుజాత చెయ్యి పట్టుకుని ఒక కమాను కిందికి తీసుకెళ్లి, రాయికీ రాయికీ మధ్య అతుకు తడమమన్నాడు. "సూది దూరుతదా సూడు. మా తాత గిట్లనే చేసేటోడు." సుజాత నిజంగానే వేళ్లతో తడిమి చూసింది. ఆ తర్వాత కనబడ్డ ప్రతి గోడనూ తడమడం మొదలుపెట్టింది. ఆయన మొహం చూడాలి అప్పుడు.

మధ్యాహ్నం చర్చి గోడ నీడలో దాదర్ నుంచి వచ్చిన ఒక మరాఠీ కుటుంబం పక్కన కూర్చున్నాం. భార్యాభర్తలు, సుజాత ఈడు పాప. వాళ్లవీ జొన్నరొట్టెలే, భాక్రీ అంటారు. ఆమె మా పల్లీల పొడి రుచి చూసి ఎలా చేస్తారని అడిగింది. ఆడపిల్లలిద్దరూ అప్పటికే చేతులు పట్టుకుని తిరుగుతున్నారు. గణపతి పండక్కి తమ ఇంటికి రమ్మని కూడా ఆమె అంది. ఆ తర్వాత సుజాతను దగ్గరికి పిలిచి, "తూ కుఠే రాహతేస్, బాళా?" అని అడిగింది. ఎక్కడుంటావమ్మా అని.

సుజాత వాళ్ల నాయిన వైపు ఒకసారి చూసి, "కామాటిపుర," అంది. గట్టిగానే చెప్పింది.

ఆమె తన భర్త మొహం చూసింది. మా ఆయన తన తాత కట్టిన గోడల సంగతి అందుకున్నాడు గానీ ఎవరూ వినడం లేదు. ఆమె తన కూతురి చేతిలోని మా రొట్టె ముక్క తీసి కాగితం మీద పెట్టింది. ఎండెక్కింది, పాపకు నిద్రొస్తోంది, వెళ్తామంది. కాసేపటికి అవతలి గోడ పక్కన వాళ్లే మళ్లీ చాప పరుచుకుని కూర్చోవడం మాకు కనిపిస్తూనే ఉంది. సుజాత చెయ్యూపింది. అటునుంచి ఎవరూ ఊపలేదు.

"నేను తప్పు చెప్పిన్నా, నాయినా?"

"లే బిడ్డా. అన్నం తిను," అన్నాడు. ముందున్నవి రొట్టెలు.

తిరుగు బండిలో ఎదురుగా కూర్చున్న ఒక ముసలాయన పిల్లలకు బఠాణీలు పెట్టి, సుజాతను అదే ప్రశ్న అడిగాడు. అది నోరు తెరిచేలోపే మా ఆయన, "బాంబే సెంట్రల్," అన్నాడు. మా పక్క పేట పేరు, ఎవరూ తరమకుండానే అన్నాడు. సుజాత ఆయన మొహంలోకి చూసి తెలుగులో మెల్లగా అడిగింది: "నాయినా, మనం ఇల్లు మారుతున్నమా?" ఆయన కిటికీ వైపు తిరిగాడు. నేను పిల్లదాన్ని ఒళ్లోకి లాక్కున్నాను.

ఆ దాదర్ ఆవిడ మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా లేదు. ఊళ్లో సగం జనం అలాంటివాళ్లే. కానీ కూతురి తల ఎత్తించాలని గుర్రబ్బండి కట్టించుకుని పోయిన మనిషి, తన తల దించుకుని తిరిగొచ్చాడు. నాకు మంటెత్తేది అక్కడ. ఆ తర్వాత సుజాతను ఎవరడిగినా బాంబే సెంట్రల్ అనే చెప్పింది, ఇంట్లో ఎవరూ నేర్పకుండానే. మీరు పిల్లలతో వెళ్తుంటే నాదొక్కటే సలహా. ఎక్కడుంటారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇంట్లోనే, తలుపు వేసుకుని చెప్పి బయల్దేరండి. బండిలో చెప్పాల్సి వస్తే పిల్లలు మీ మొహం చూస్తారు.