బురద గొట్టం

అరవైల్లో మాట. పులికాట్ సరస్సు దగ్గరి మా ఊరి నుంచి సూళ్లూరుపేట బస్సులో ఎండుచేపల గంపతో పోతున్నాను. పక్క సీట్లో ఒక పట్నం ఆయన, మోకాళ్ల మధ్య గాజు గొట్టం నిలబెట్టి పట్టుకున్నాడు. అందులో బురద, దానిపైన తేటనీళ్లు.

“బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నారే అయ్యా!” అన్నాను.

“మీ సరస్సు అడుగు మట్టేనమ్మా, పరీక్ష చేయడానికి తీసుకుపోతున్నా. పడవలోంచి గొట్టాన్ని మెల్లగా దించి, పైన మూత బిగించి లాగాం. అది నీళ్లపైకి రాకముందే కింద బిరడా పెట్టాం. పాత మట్టి కింద, కొత్తది పైన, అక్కడున్నట్టే ఉంది. వంగిందంటే పొరలన్నీ కలిసిపోతాయి. పడిన పాటంతా వృథా.”

ఇంతలో ముందు సీటామె ముక్కు మూసుకుంది. కండక్టరు వచ్చాడు.

“ఏందీ గబ్బు? ఎవురిది?”

నేను గంప మీద కొంగు కప్పి తల దించుకున్నాను.

“నా బురదదండీ,” అన్నాడాయన.

“అయితే ఇట్టియ్యి. టాపు మీద పడేస్తా.”

కండక్టరు గొట్టం పట్టుకున్నాడు. ఆయన మొహం పాలిపోయింది. అయినా మాట మార్చలేదు.

నేను లేచాను.

“దాన్ని వదులన్నా. గబ్బు నాది. నా గంపది.”

బస్సంతా నా వైపు తిరిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

“ఇందాక నోరు లేదా మే? దిగు!”

దిగాను. బస్సు కదిలింది. దణ్ణం పెట్టడానికి చేతులు ఖాళీ లేక, ఆయన కిటికీలోంచి తల వంచాడు. గొట్టంలో నీళ్లు తేటగానే ఉన్నాయి.

ఇప్పటికీ బస్సెక్కే ముందు నా చేతులు వాసన చూసుకుంటాను.