నల్లపెట్ట గీతలు ఆగిపోయిన చలికాలం

మా అవ్వ కళ్ళుగప్పి గుడ్డు పెట్టడం ఏ కోడికీ సాధ్యమయ్యే పని కాదు. పొద్దున గూడు తలుపు తీస్తూనే ఒక్కో పెట్టనూ చంకలో ఇరికించుకుని, చిటికెనవేలితో తోక కింద తడిమి, ఈ పొద్దు గుడ్డుందో లేదో చెప్పేసేది. ఉన్నదాన్ని గంప కింద మూసేది. సాయంత్రం వంటింటి గోడ మీద, ఏ కోడి వరసలో ఆ కోడికి, బొగ్గుతో గీత గీసేది. డెబ్బైలలో బెంగళూరు పేటలోని మా ఇంట్లో దేవుడి పటాల కంటే ఆ గోడకే భయభక్తులు ఎక్కువ.

ఆ చలికాలం నల్లపెట్ట అవ్వను ఏడిపించింది. పొద్దున వేలికి గుడ్డు తగిలేది. మధ్యాహ్నం దాకా గంప కింద ఉంచినా పెట్టేది కాదు. పాపమని వదిలితే ఎటో పోయి, కడుపు ఖాళీ చేసుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చేది. దాని వరసలో గీతలు ఆగిపోయినాయి. అవ్వకు తల కొట్టేసినట్టయింది. ఆదివారం హొసకోటె నుంచి చిన్నల్లుడు వస్తాడు, దీన్నే కోసి పులుసు పెడతానని తేల్చేసింది. నాకు ఒళ్ళు మండింది. అది పిల్లగా ఉన్నప్పటి నుంచి నూకలేసి పెంచింది నేను కదా! అది పెట్టే చోటు కనిపెడతాను, కొయ్యొద్దని బతిమాలితే, ఆదివారం లోపల చూపించమనింది.

శనివారం సాయంత్రం అది గూటికే రాలేదు. ఏ కుక్కో పట్టిందని ఏడుస్తా పడుకున్నాను. తెల్లారగానే గోడెక్కి పక్కింటి పెరట్లోకి దూకినాను.

ఆ ఇంట్లో ఒక కన్నడ ముసలామె ఒక్కతే ఉండేది, అజ్జి అని పిలిచేవాళ్ళం. ఉల్లిపాయ కూడా ముట్టని మడి మనిషి. మా ఇంట్లో పులుసు కాగితే కిటికీలు మూసుకునేది. ఆమె స్నానానికి నీళ్ళు కాచుకునే కాగు పక్కన, మంటకని పోగేసిన కొబ్బరిపీచులో, గుడ్ల మీద రెక్కలు పరుచుకుని కూర్చోనుంది మా దొంగపెట్ట. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అజ్జి అప్పుడే స్నానం చేసి వణుకుతా వచ్చింది. కాగు కింద బూడిద చల్లగా ఉంది. గుడ్లు కనపడినప్పటి నుంచి ఆ పీచు జోలికే పోలేదంట. ముట్టుకుందామంటే మడి, పారేద్దామంటే మనసు రాలేదు. మాకు చెబితే గుడ్లన్నీ అట్టు పోసుకుంటామని చెప్పలేదు. అన్నాళ్ళూ ఆ చలిలో చన్నీళ్ళే పోసుకుంది.

"ఇప్పుడు పొదుగుతా ఉండాది. లేపొద్దని మీ అవ్వకు చెప్పమ్మా" అనింది.

నేను చెప్పేదేముంది, గోడవతల నిలబడి అవ్వ అంతా వినేసింది. లోపలికి పోయి, మా పొయ్యికని చీల్చి పెట్టుకున్న కట్టెలన్నీ మోపు కట్టి గోడ మీదుగా దించింది. వాటిని ఏ కోడీ తొక్కలేదు, మడికి పనికొస్తాయని కూడా చెప్పింది.

ఇంటికొచ్చిన అల్లుడికి కోడి పెట్టకపోవడం మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఆ మధ్యాహ్నం మా చిన్నాయన విస్తట్లో రాగిముద్ద, ఉలవచారు పడినాయి. ఆయన అటూ ఇటూ చూసి, నల్లకోడి ఏదత్తా అని అడిగినాడు.

అవ్వ పక్కింటి వైపు చెయ్యి చూపించింది.

"కాన్పుకని పుట్టింటికి పోయుండాదప్పా."