మా సమాజపు వైసు ప్రెసిడెంటు

అమెరికా అధ్యక్షుడు పోయాడన్న వార్త వచ్చిన రోజు నేను ఏడ్చాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. చెబితే, అంత దూరాన ఉన్న పెద్దమనిషి కోసం నరసరావుపేటలో ఒక బడిపంతులు కూతురు కన్నీళ్ళు పెట్టుకుందని మెచ్చుకుంటారు. ఆ మెప్పు నాది కాదు. నేను ఏడ్చింది పోయినాయన కోసం కాదు, ఆయన కుర్చీ ఎక్కవలసి వచ్చిన వైసు ప్రెసిడెంటు కోసం. నిన్నటిదాకా ఎవరూ పట్టించుకోని మనిషిని సాయంత్రం పిలిపించి, చీకటిపడే వేళకల్లా బైబిలు మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించారట. ఇక దేశమూ ఆయనదే, సగంలో ఉన్న యుద్ధమూ ఆయనదే. పేపర్లో అది చదివే నేను ఏడ్చాను. ఎందుకంటే నేనూ వైసు ప్రెసిడెంటునే.

మా మిషను కాంపౌండులో స్త్రీల సమాజం ఉంది. ఇంటింటా అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుని బియ్యం. ఆదివారం ఆ కుండ తెచ్చి చర్చి పక్కగదిలోని పెద్ద రేకు పీపాలో పోస్తారు. యుద్ధం రోజులు, బజారులో బియ్యం కంట్రోలు. కాంపౌండులో దిక్కులేని ముసలివాళ్ళు కొందరికి ఆ పీపాయే దిక్కు. పక్కగది తాళంచెవి సమాజం అధ్యక్షురాలి బొడ్లో ఉంటుంది. ఆమెను ఊరంతా పెద్దమ్మ అనేవాళ్ళు. ఆమె చర్చిలోకి వస్తుంటే ముందు తాళంచెవి చప్పుడు వచ్చేది, తరువాత ఆమె వచ్చేది.

బంగళాలో ఉండే అమెరికా దొరసాని గారు బైబిలు చదివి తెలుగు నేర్చుకున్నారు. బజారులో వంకాయలు బేరమాడినా బైబిలు భాషలోనే ఆడేవారు. ఒక ఆదివారం ఆవిడ, "ప్రతి సమాజమునకు ఉపాధ్యక్షురాలు ఉండవలెను. మా దేశములో ఆలాగే యున్నది" అన్నారు.

"ఆమె ఏం చెయ్యాల?" అంది పెద్దమ్మ అనుమానంగా.

"అధ్యక్షురాలు లేనప్పుడు ఆమె పని చేయవలెను."

"నేను లేకుండా యాడికి పోతా?"

"అట్లయిన ఏమియు చేయనక్కర లేదు."

పెద్దమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. పనేమీ చేయకుండా, ఎదురు మాట్లాడకుండా కూర్చునే మనిషి కావాలి. అందరి తలలూ ఒకేసారి స్తంభం వెనక కూర్చున్న నా వైపు తిరిగాయి. వద్దని చెప్పాలంటే నోరు తెరవాలి. ఆ పని నాకు రాదు. అలా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

పక్కింటి వదిన ఆ రోజు నుంచీ నన్ను పేరుతో పిలవడం మానేసింది. "ఏమ్మా వైసూ, మీ బావి చేద ఒకసారి ఇస్తావా?" అనేది. నేను లోపల మురిసినట్టే మురిసి, రోజూ ప్రార్థనలో పెద్దమ్మ ఆరోగ్యం కోసం అడిగేదాన్ని. ఆమెకు ఏమన్నా అయితే నేను నలుగురి ముందు నిలబడి నోరు తెరవాలి. అప్పట్లో నాకున్న భయమల్లా అదొక్కటే. అంత శ్రద్ధగా ఆమె కోసం ఆమె కొడుకు కూడా ప్రార్థించి ఉండడు.

వార్త వచ్చిన మరుసటి ఆదివారం నాన్న పేపరు నాకిచ్చి, ఆడవాళ్ళకు చదివి వినిపించమన్నారు. పేపరు మొహానికి అడ్డం పెట్టుకోవచ్చు కాబట్టి అది నాకు చేతనయ్యే పనే.

"కొడుకులు లేరా ఆయనకి?" అంది పెద్దమ్మ.

"ఉన్నారు పెద్దమ్మా."

"కొడుకుల్ని పెట్టుకొని పరాయోడికిచ్చారా! ఇదేం రాజ్యమే!"

"రాజ్యము కాదు గనుకనే" అన్నారు దొరసాని గారు. "మా దేశములో కుర్చీ ఒక్క దినమైనను ఖాళీగా నుండదు. అధ్యక్షుడు మృతినొందిన యెడల ఉపాధ్యక్షుడే ఆ పని వహించును. మిగిలిన కాలమంతయు అతనిదే."

"బైబిలు మీద చెయ్యేసి చెప్పాడంటే మనోడే" అంది వదిన. "మరి ఇప్పుడు ఆయనకి వైసు ఎవరంట?"

దొరసాని గారు కొంచెం ఇబ్బందిపడ్డారు. "ఎవరును లేరు. మరల ఎన్నికలు జరుగు వరకు ఆ స్థానము ఖాళీయే."

పెద్దమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో పాపం. అంత దేశానికి ఎక్కినోడు ఒంటిగాడేనా! ఆయనక్కూడా జొరమొస్తే?" తరువాత నా వైపు చూసి, "నాకు మా వైసుంది. పలకదు, ఉలకదు, నా కుర్చీ మీద కన్నెయ్యదు. ఆ దేశపోళ్ళు కూడా ఇట్టాంటిదాన్ని ఎతుక్కోవాల" అంది. అందరూ నవ్వారు. నేను పేపరు ఇంకొంచెం పైకెత్తాను.

ఎండలు ముదిరాక ఒక పొద్దున పెద్దమ్మ స్నానాల బండ మీద జారిపడింది. తుంటి దెబ్బతింది. కట్టు కట్టారు. మనిషి మంచం దిగలేదు గాని నోరు ఎప్పటిలాగే నడుస్తూనే ఉంది. తాళంచెవి బొడ్లోంచి తలదిండు కిందికి మారింది, అంతే.

ఆదివారం బియ్యం కుండలతో వచ్చిన ఆడవాళ్ళు తాళం వేసి ఉన్న గది ముందు నిలబడ్డారు. "పోయి అడుగు వైసూ" అంది వదిన. వెళ్ళాను. పెద్దమ్మ కోడలు గడపకు అడ్డంగా కూర్చుని ఉంది. "అత్తమ్మ పడుకుంది" అంది. లోపలనుంచి అత్తమ్మ గొంతు, "తాళం సంగతైతే నేను పడుకున్నానని చెప్పవే" అని వినబడింది.

దొరసాని గారి పుస్తకాల బీరువా దుమ్ము దులిపే పని నాదే. దులిపిన పుస్తకాన్ని తెరిచి చదువుతానని ఆవిడకు తెలుసు, తెలియనట్టు ఉండేవారు. ఆ వారం ఆ దేశపు రాజ్యాంగం ఉన్న పుస్తకం బాగా దులిపాను. అధ్యక్షుడు చనిపోతే, రాజీనామా చేస్తే, పని చేయలేని స్థితిలో పడితే బాధ్యత ఉపాధ్యక్షుడిది అని ఉంది. పని చేయలేని స్థితి అని ఎవరు తేల్చాలి? ఆ మాట మాత్రం ఎక్కడా లేదు. ధైర్యం చేసి దొరసాని గారినే అడిగాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా యౌవనకాలమందు ఒక అధ్యక్షుడు బహు నెలలు మంచము పట్టెను. అతని భార్య గదిలోనికి ఎవరినైనను పోనిచ్చెడిది కాదు. కాగితములు ఆమె చేతనే లోపలికి పోయి, ఆమె చేతనే వెలుపలికి వచ్చుచుండెను."

"ఉపాధ్యక్షుడు ఏం చేశారండీ?"

"ఏమియు చేయలేదు" అని ఆవిడ నవ్వారు. "అతడును నీవంటివాడే."

ఈ సంగతి పెద్దమ్మకు ఎలా చేరిందో గాని, సాయంత్రానికి మంచంలోంచే కాంపౌండు మొత్తానికి వినిపించింది. "చూశారా! అంత చదువుకున్నోళ్ళకే తెలవదు. నేను చచ్చానా? రాజీనామా ఇచ్చానా? మరి మీకేంది తొందర?"

ఆమె బాధ నాకు తెలుసు. తాళంచెవి చేయి దాటితే మళ్ళీ మంచం దిగనని తనే ఒప్పుకున్నట్టు. తాళం పగలగొడదామని ఎవరో అంటే, బతికున్న మనిషికి సమాధి కట్టినట్టవుతుందని అందరూ వద్దన్నారు. దేవుని బియ్యం చర్చికి తెచ్చాక మళ్ళీ ఇంటికి తీసుకుపోకూడదు. చర్చిలో ఉంచితే పిచ్చుకలు, పందికొక్కులు. చివరికి వదినకు ఉపాయం తోచింది. చర్చి వెనక బాప్తిస్మం ఇచ్చే తొట్టి ఉంది. సున్నం గచ్చు చేసిన పెద్ద తొట్టి, మేకలూ వాననీళ్ళూ పడకుండా పైన తాటిపలకల మూత. బావిలో నీళ్ళు అడుగంటి, వేసవంతా ఎండిపోయి ఉంది. బియ్యం గోనెసంచుల్లో పోసి అందులో దించారు. ముసలివాళ్ళకు కొలిచి ఇచ్చేది కూడా అక్కడినుంచే. ఆదివారం తరువాత ఆదివారం సంచులు పెరిగాయి. నేను చూస్తూ నిలబడటం అనే నా బాధ్యతను లోటు లేకుండా నిర్వర్తించాను.

మృగశిర రాగానే వానలు పడ్డాయి. బావి నిండింది. పాస్టరు గారికి సంతోషం పట్టలేదు. బాప్తిస్మాలు ఎండలకు ఆగిపోయి ఉన్నాయి. బియ్యం సంగతి ఆయనకెవరూ చెప్పలేదు; ఆయనా శనివారం పొద్దున ఎవరికీ చెప్పకుండా మోట కట్టించారు. బావినుంచి తొట్టికి కాలవ ఉంది కాబట్టి మూత తీయవలసిన పని లేదు. ఎద్దులు లాగుతున్నాయి, నీళ్ళు పోతున్నాయి.

నేను చర్చి ఊడవడానికి వెళ్ళి ఆ నీళ్ళ చప్పుడు విన్నాను. చప్పుడు ఎక్కడికి పోతోందో ఒక్క క్షణం తరువాత అర్థమైంది. నాతో వచ్చిన ఆడవాళ్ళకూ అర్థమైంది. అలవాటుగా అందరూ చర్చి గుమ్మం వైపు చూశారు, తాళంచెవి చప్పుడు వినబడుతుందేమోనని. వినబడలేదు. ముసలివాళ్ళ తిండి నీళ్ళలో నానుతోంది.

"ఎద్దుల్ని ఆపండి!"

ఆ అరుపు ఎవరిదా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు.

అరవడం మొదలయ్యాక ఆపడం తెలియలేదు. "కాలవకు మట్టి అడ్డం వెయ్యండి! వదినా, మూత తియ్యి! చాపలన్నీ తెండి! తడిసింది ఒకవైపు, తడవంది ఒకవైపు! ఎవరింట్లో రోళ్ళుంటే వాళ్ళు కడిగి పెట్టండి!" పాస్టరు గారు ఏదో అనబోతే, "మీరు ఆ సంచి కొస పట్టుకోండి" అన్నాను. పట్టుకున్నారు.

పైసంచులు బతికాయి. అడుగువి నానాయి. నానిన బియ్యం నీడన ఆరబోసి, మధ్యాహ్నానికల్లా దంచి పిండి చేశాం. ముసలివాళ్ళకు ఆ పూటకు వేడి వేడి రొట్టెలు చేసిపెట్టి, మిగిలిన పిండి వేయించి వాళ్ళకే పంచిపెట్టాం. పోగొట్టుకున్నది కొద్దే. తొట్టి నీళ్ళు మాత్రం కుడితిలా తెల్లబడ్డాయి. పాస్టరు గారు ఆ నీళ్ళలోనే మర్నాడు బాప్తిస్మాలు ఇచ్చారు. "బట్టలకి గంజి పెట్టుకునే పని తప్పింది వాళ్ళకి" అంది వదిన.

ఆ శనివారం సాయంత్రమే పెద్దమ్మ కబురు చేసింది. కోడలు ఈసారి గడపలోంచి లేచి దారి ఇచ్చింది.

"నీ గొంతు ఈడదాకా వినపడిందే" అంది పెద్దమ్మ. "ఎవరా అనుకున్నా. పాస్టరు గారి చేత గోతం మోయించావంట?"

నేను నేల చూశాను.

"మళ్ళీ మూగబోయిందీ" అని నవ్వింది. తాళంచెవి మాత్రం తీయలేదు. ప్రతి ఆదివారం కోడలి చేత పంపిస్తాననీ, పని కాగానే మళ్ళీ తలదిండు కిందికి చేరాలనీ చెప్పింది. అలాగే జరిగింది. ఆ దేశపు పుస్తకంలో ఈ ఏర్పాటు లేదు.

తుంటి అతకలేదు. వానాకాలం చివర ఆమెను గుంటూరు ఆస్పత్రికి తీసుకుపోవాలని నిర్ణయించారు. కాంపౌండంతా స్టేషనుకు వచ్చింది. మంచం మీద మోసుకొచ్చి, మాచర్ల నుంచి వచ్చిన బండిలో పడుకోబెట్టారు. అందరితో మాట్లాడాక కిటికీలోంచి నన్ను పిలిచింది. ఆమె మళ్ళీ తిరిగి రాలేదు. మూడేళ్ళు గడిచాక, ఈ మధ్య ఆ దేశంలో ఎన్నికలు జరిగి, ఆ ఒంటరి అధ్యక్షుడికి ఎట్టకేలకు ఒక వైసు దొరికాడని పేపర్లో చదివినప్పుడు ఆ కిటికీ గుర్తుకొచ్చింది. సమాజపు కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. నా పక్కన, స్తంభం వెనక దాక్కునే ఒక పిల్ల ఉంది.

ఆ రోజు పెద్దమ్మ, ప్రయాణానికని మళ్ళీ బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తనే మూసింది.

"ఆ దేశపాయన లాగా ఒంటిగా కూచోమాక. నువ్వూ ఒక వైసును పెట్టుకో. నోరు లేనిదాన్నే పెట్టుకో. అవసరం పడితే నోరు దానంతటదే వస్తది."