జోడీ మాటల సార్

మొన్న ఆదివారం మా ఆవిడ బీరువా సర్దుతూ పాత నారాయణపేట చీర ఒకటి మంచం మీద విప్పింది. మడతల మధ్య నుంచి బూడిద రంగు అట్ట ఒకటి జారి నా కాళ్ళ దగ్గర పడింది. గంజి వాసన, పాత అట్ట వాసన కలిసి వచ్చాయి. అట్టను చేతిలోకి తీసుకుని బొటనవేలితో నిమిరాను. గరుకుగా ఉంది. ఒకప్పుడు ఇలాంటి అట్టలనే నాలుగు వేళ్ళ వెడల్పున కత్తిరించి, ఒక్కో ముక్క మీద నల్ల స్కెచ్ పెన్నుతో రెండేసి ఇంగ్లీషు మాటలు రాసి, మా క్యాంటీన్ బల్ల మీద పరిచేవారు ఒకాయన. "ఏందట్ల నిలబడ్డవ్?" అంది మా ఆవిడ. "ఏం లేదు" అన్నాను. ఆయన సంగతి ఎవరు ఎత్తినా ఇన్నేళ్ళుగా నేను చెబుతున్న మాట అదే. ఆ 'ఏం లేదు' వెనక ఏముందో ఇప్పుడు రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను జడ్చర్ల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్‌ని. మాది తిరుమలగిరి పక్కన పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ముప్పై అయిదేళ్ళు దాటినా ఇంగ్లీషులో రెండు వాక్యాల ఈమెయిల్ రాయాలంటే చెమటలు పట్టేవి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి పోస్టు ఒకటి ఖాళీగా ఉండేది, ఇంగ్లీషు రానందుకే అది నాకు రావడం లేదని అందరూ అనేవారు. విదేశాల నుంచి కొనేవాళ్ళు వచ్చి చూసిపోయే ఫ్యాక్టరీ కాబట్టి పనివాళ్ళకు నాలుగు ముక్కలు ఇంగ్లీషు నేర్పాలని కంపెనీ ఒక సార్‌ను పెట్టింది. ఆయనే నర్సింహులు సార్. నారాయణపేటలో నేత కుటుంబం. అన్న ఇంకా మగ్గం నేస్తూనే ఉన్నాడు, చీరల దుకాణంలో మిగిలిన అట్టలు తమ్ముడికి పంపేవాడు. సార్ పొద్దున ఒక ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పి, మధ్యాహ్నం బస్సులో మా దగ్గరికి వచ్చేవారు. మొదటి షిఫ్టు దిగిన మేము ఇరవై మందిమి రెండున్నరకు క్యాంటీన్‌లో కూర్చునేవాళ్ళం.

మొదటి రోజు ఆయన ఇంగ్లీషుతో మొదలుపెట్టలేదు. "మనం బోనం ఏం జేస్తం?" అని అడిగారు. "ఎత్తుతం" అన్నారు ఆడవాళ్ళు. "దీపం?" "పెడ్తం." "మరి దీపం ఎత్తి, బోనం పెడ్తే?" అందరూ ఆలోచనలో పడ్డారు. ప్యాకింగ్‌లో పనిచేసే యాదమ్మ మాత్రం తడుముకోలేదు. "అత్త ఇంట్లకెళ్ళి ఎల్లగొడ్తది సార్" అంది. క్యాంటీనంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, "ఇంగ్లీషోళ్ళకు గూడ గట్లనే. 'స్ట్రాంగ్ టీ' అంటరు, 'హెవీ రెయిన్' అంటరు. 'స్ట్రాంగ్ రెయిన్' అంటే వాళ్ళకు చెవిల రాయి పడ్డట్టుంటది. ఎందుకంటే నాకు తెల్వది. గా మాటకు గా మాటతోనే లగ్గమైంది, అంతే. విడివిడిగ నేర్చుకోకుండ్రి, జోడీలు జోడీలు నేర్చుకోండ్రి" అన్నారు. అప్పటి నుంచి ఆయన పేరు మా దగ్గర జోడీ మాటల సార్.

ఆయన తరగతికి రెండు నియమాలుండేవి. రాగానే ఒక తెల్లకాగితం బల్లల మీదుగా తిరిగేది. అందులో ప్రతివాళ్ళూ తమ పేరు, ఆనాటి తేదీ ఇంగ్లీషులో రాయాలి. హాజరుకు హాజరు, చేతికి అలవాటు. రెండోది కష్టమైనది. ఆయన ఇచ్చిన జోడీతో వాక్యం చెప్పాలి, ఆ వాక్యం మన బతుకులో నిజంగా జరిగినదై ఉండాలి. ఎవరు ఏ వాక్యం చెప్పినా ఆయన తల ఒక పక్కకు వంచి ఒకటే అడిగేవారు: "ఎప్పుడైంది?"

నా వంతు వచ్చినప్పుడు నా ముందున్న అట్ట మీద 'హెవీ బ్రేక్‌ఫాస్ట్' అని ఉంది. ఈ పొద్దున కడుపునిండా టిఫిన్ తిన్నానని ఇంగ్లీషులో గడగడా చెప్పేశాను. "ఎప్పుడైంది?" అన్నారు సార్. "ఊరికే చెప్పిన సార్, వాక్యం కోసం." "ఏం తిన్నవ్ పొద్దుగాల?" "ఏం తినలే. బస్సుకు టైమైంది." ఆయన బల్ల మీద వెతికి ఇంకో అట్ట తీసి నా ముందు పెట్టారు. "తినకపోతే దానికి గూడ ఒక జోడీ ఉంది. 'స్కిప్ బ్రేక్‌ఫాస్ట్'. ఇప్పుడు చెప్పు." చెప్పాను. నేను ఇంగ్లీషులో చెప్పిన మొదటి నిజం అదే. తరగతి అయిపోయాక ఆయన తన డబ్బా విప్పి జొన్నరొట్టె సగం తుంచి నాకిచ్చారు. "అబద్ధం ఏ భాషలనైన జల్ది వస్తది శ్రీశైలం. నిజం చెప్పెతందుకే మాటలు ఎతుక్కోవాలె" అన్నారు. అప్పుడు రొట్టె మీదున్న ధ్యాస ఆ మాట మీద లేదు.

నాలుగు నెలల్లో నాకు ఇంగ్లీషు వచ్చింది. గొప్పగా కాదు, కానీ మేనేజర్ ముందు నాలుక తడబడకుండా ఉండేంత. యాదమ్మది వేరే దారి. ఆమె అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. వార్తాపత్రిక మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేది గానీ, ఇంగ్లీషు అక్షరం ముట్టింది ఈ తరగతిలోనే. తన పేరు రాయడానికి ఆమెకు నెల పట్టింది. నాలుక కొసను పళ్ళ మధ్య పట్టుకుని ఒక్కో అక్షరం చెక్కినట్టు రాసేది. కాగితం తన దగ్గరికి వస్తే ఇంకెవరికీ కదలనిచ్చేది కాదు. "జర ఆగుండ్రి, నా సంతకం ఆరనియ్యండ్రి" అనేది, బాల్‌పెన్నుతో రాసి కూడా.

ఒకరోజు సార్ తెచ్చిన జోడీ 'పే అటెన్షన్'. "చెప్పేది మనసుపెట్టి ఇనుడు. ఇంగ్లీషోళ్ళు దానికి గూడ పైసలు కట్టినట్టే మాట్లాడ్తరు" అన్నారు. యాదమ్మ లేచి నిలబడింది. తడుముకుంటూ, ఒక్కో మాటకూ సార్ వైపు చూస్తూ చెప్పింది: 'ఐ ఆస్క్‌డ్ ఫర్ గ్లోవ్స్. నోబడీ పెయిడ్ అటెన్షన్.' చేతి తొడుగులు అడిగాను, ఎవరూ పట్టించుకోలేదు. సార్ అలవాటుగా తల వంచారు. "ఎప్పుడైంది?" "మొన్న సోమారం, బుధారం, మళ్ళ నిన్న" అని ఆమె చేతులు చాపింది. ట్రేలు కడిగే మందుకు వేళ్ళ కొసల చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. సార్ చాలాసేపు ఆ వేళ్ళు చూసి, వెనక్కి తిరిగి ఆమె వాక్యాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద రాశారు. కింద యాదమ్మ పేరు కూడా రాశారు. ఆమె మూడుసార్లూ అడిగింది నన్నే. ఆ వాక్యంలోని 'నోబడీ' నేనే. స్టోర్‌కు చీటీ రాస్తే తొడుగుల ఖర్చు ఎందుకు పెరిగిందని మేనేజర్ అడుగుతాడని రాయలేదు. యాదమ్మ నా వైపు చూడలేదు, పేరు చెప్పలేదు.

ఆ బోర్డు తుడవలేదు. మర్నాడు పొద్దున విదేశీ కొనుగోలుదారుల తనిఖీ బృందం క్యాంటీన్‌లో టీ తాగుతూ దాన్ని చదివింది. చదివి, తొడుగుల రికార్డు అడిగింది. వారం తిరగకుండా ప్యాకింగ్ సెక్షన్‌కు పెట్టెల కొద్దీ తొడుగులు వచ్చాయి, పంచిపెట్టింది నేనే. ఆ వారంలోనే మేనేజర్ నన్ను పిలిచాడు.

"ఆ 'నోబడీ' ఎవరో నాకు తెలుసు శ్రీశైలం" అన్నాడు. నేను నేల చూశాను. "భయపడకు. ఇది సూపర్‌వైజర్ తప్పు కాదు, ఆ సార్ పనివాళ్ళను ఎగదోస్తున్నాడు. క్లాసు వాళ్ళే అతని మీద ఫిర్యాదు చేసినట్టు ఒక లెటర్ కావాలి. నీ ఇంగ్లీషు బాగుపడిందట కదా." ఇన్‌ఛార్జి పోస్టు మాట అతను ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

మేనేజర్ గదిలోనే కూర్చుని రాశాను. ఫిర్యాదుకు 'లాడ్జ్' జోడీ. కాలానికి 'వేస్ట్'. చర్యకు 'టేక్'. ఒక్కటి కూడా వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు, చేతిలోంచి జారిపోయాయి. మేనేజర్ చదివి పెదవి విరిచాడు. "ఇది చాలదు. క్లాసులో ఆడవాళ్ళు కూడా ఉన్నారుగా" అన్నాడు. అర్థమైంది. ఇంకో వాక్యం రాశాను. సార్ ప్రవర్తన వల్ల ఆడవాళ్ళు ఇబ్బంది పడుతున్నారని. అలాంటిది ఒక్కనాడూ, ఒక్క నిమిషమూ జరగలేదు. ఆయన ఆడవాళ్ళ చేతిరాత సరిచేయాల్సి వస్తే తన పెన్నుతో గాలిలో చూపించేవారు. "సంతకాలు?" అన్నాడు మేనేజర్. హాజరు లెక్క ఆఫీసుకు ఇచ్చేది నేనే కాబట్టి ముందటి వారం తరగతిలో తిరిగిన తెల్లకాగితం నా ఫైల్లో ఉంది. ఇరవై పేర్లు, ఇరవై తేదీలు. దాన్ని ఉత్తరం వెనక పెట్టి పిన్ను కొట్టాను.

రెండు రోజుల తర్వాత సార్ తన అట్టలు తీసుకుపోవడానికి వచ్చారు. క్యాంటీన్‌లో నేనొక్కడినే ఉన్నాను. ఒక్కో అట్టా ఏరి, అంచులు సరిచేసి, రబ్బరు బ్యాండు వేశారు. "కాగితం చూపిచ్చిన్రు. ఎనక ఇరవై మంది సంతకాలున్నయన్నరు, అవి చూపియ్యలే" అన్నారు. "మంచి ఇంగ్లీషు. జోడీలన్నీ కుదిరినయ్." ఆయన తల ఒక పక్కకు వంచారు. "ఎప్పుడైంది శ్రీశైలం?" "ఏం లేదు సార్" అన్నాను. ఆయన సంచీ భుజానికి తగిలించుకుని గేటు వైపు నడిచారు. ఎవరో ఫిర్యాదు రాశారన్న కబురు ఫ్యాక్టరీ అంతా పాకింది, ఆయన కంటే ముందే కాలేజీకి కూడా చేరింది, ఆ నెలాఖరుకు వాళ్ళు కూడా వద్దన్నారు. తర్వాతి నెల నేను షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అయ్యాను.

మూడేళ్ళ తర్వాత, నారాయణపేట కొత్తగా జిల్లా అయినప్పుడు, చీర కొనే వంకతో అక్కడికి వెళ్ళాను. తన అన్న నేసిన చీరలు అమ్మే దుకాణంలో సార్ కింద కూర్చుని చీరలు అట్టలకు మడతపెడుతున్నారు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి, "కూసో" అన్నారు. దారంతా బస్సులో తయారు చేసుకున్న వాక్యం చెప్పాను: 'సార్, ఐ మేడ్ ఎ మిస్టేక్.' ఆయన చేతులు ఆగలేదు. "మిస్టేక్ అంటే తెల్వక చేసేది. నీకు తెల్వదా?" అన్నారు. తెలుసన్నాను. "అయితే గా జోడీ నీకు పనికిరాదు. వేరేది చూసుకో." కాసేపటికి ఆయనే మళ్ళీ అడిగారు, గొంతు తగ్గించి: "గా యాదమ్మ గూడ చేసిందా సంతకం?"

అప్పుడు తెలిసింది, మూడేళ్ళుగా ఆయన్ను తొలిచింది ఉద్యోగం పోయిన బాధ కాదని. "ఆమెకు తెల్వదు సార్. ఎవ్వరికీ తెల్వదు. అది హాజరు కాగితం" అన్నాను. ఆయన చేతుల్లోని చీర ఒళ్ళోకి జారింది. "గదొక్కటి ముందుగాల చెప్పకపోతివి" అన్నారు. తర్వాత నేను ఎంచిన చీర మడిచి, మధ్యలో కొత్త అట్ట పెట్టి, నా చేతికిచ్చారు. "నాకు చెప్పుడు అయింది. ఆమెకు చెప్పు. ఆమె పేరు అబద్ధం కింద ఉంది." చెబుతానన్నాను.

చెప్పలేదు. పోయిన చలికాలం జడ్చర్ల బస్టాండులో యాదమ్మ కనిపించింది. ఇంకా అదే సెక్షన్‌లో పనిచేస్తోంది, ఫ్యాక్టరీలో రోజూ ఎదురుపడుతూనే ఉంటాం. "మన సార్ పోయిండట, ఎరుకేనా సారూ? నారాయణపేట కెళ్ళి వచ్చినోళ్ళు చెప్పిన్రు" అంది. కళ్ళు తుడుచుకుని, "గంత మంచి మనిషి మీద గట్ల రాసినోళ్ళ చేతులు ఎట్లాడినయో" అంది. "నువ్వన్న ఉన్నవు. గప్పుడు మాకు తొడుగులు తెప్పిచ్చినవు" అని కూడా అంది. ఆమె బస్సు వచ్చేదాకా నేను పక్కనే నిలబడ్డాను.

సార్ నాకు నేర్పిన జోడీలతో ఇప్పుడు రోజుకు పది ఈమెయిళ్ళు రాస్తాను. ప్రతి వాక్యం దగ్గర ఆయన తల ఒక పక్కకు వంగుతుంది. ఇది మాత్రం తెలుగులో రాశాను. ఇంగ్లీషులో రాస్తే యాదమ్మ చదవలేదు. రేపు రెండున్నరకు షిఫ్టు దిగి ఆమె గేటు బయట బస్సు కోసం నిలబడినప్పుడు ఈ కాగితాలు ఆమె చేతిలో పెడతాను. ఆఫీసు ఫైల్లోంచి తీసిన ఆ ఉత్తరం జిరాక్సు, దాని వెనకున్న తెల్లకాగితం జిరాక్సు కూడా జత చేశాను. ఎప్పుడైందని ఆమె అడగాల్సిన పని లేదు. నాలుక కొసను పళ్ళ మధ్య పట్టుకుని ఆమె చెక్కిన పేరు పక్కనే, ఆమె చేతిరాతలోనే, తేదీ ఉంది.