చెప్పులు విడిచే చోటు

2023 వానాకాలంలో ఒకనాడు, ఆత్మకూరులోని నా చెప్పుల దుకాణానికి చంద్రమ్మ కుంటుకుంటూ వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. నెల కిందట నేను అమ్మిన మెత్తటి జతను బల్ల మీద పెట్టింది.

"ఏం భాయ్, మెత్తగుంటయంటివి. మడిమ నొప్పి జరంతన్న తగ్గలే. పొద్దుగాల మంచం దిగితే మేకు దిగినట్లుంటది."

"దవాఖానకు పోయినవా అక్కా?"

"పోయిన. ఎముకకు ఏం కాలేదన్నరు, నిలబడుడు తగ్గియ్యమన్నరు. నిలబడకుంటే పిల్లలకు అన్నమెవరు వండాలె? గిట్లనే ఉంటే ఇంకొకరిని పెట్టుకుంటమని పెద్దసారు అననే అనె."

ఆ పని పోతే ఆమెకు మరో ఆధారం లేదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతే. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో సాగింది. పాదాల గురించి అక్కడ దొరికిన ప్రతి పుస్తకం చదివాను. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద గట్టి పట్టీ ఒకటి ఉంటుంది. పేరు ప్లాంటార్ ఫాషియా. రాత్రంతా బిగుసుకున్న ఆ పట్టీ తొలి అడుగుకు సాగి నొప్పి పెడుతుంది. చంద్రమ్మ చెప్పింది అచ్చం అదే. మరి మెత్తటి చెప్పులు ఎందుకు పనిచేయలేదు? తిరగేసి చూశాను. అడుగు అరగనే లేదు.

"ఏసుకుంటున్నవా, దాచిపెట్టినవా?"

"ఏసుకోకేంది! ఇంటి నుంచి బడి దాకా ఏసుకుంట. వంటగది బయట ఇడుస్త. అన్నం వండే కాడ చెప్పులేస్తరా ఎవరన్న?"

పొద్దంతా బండల మీద వట్టికాళ్ళతో నిలబడుతోందన్నమాట. కొత్త జత ఒకటి వంటగదికే ఉంచుకోమన్నాను, దానికి బయటి మట్టి తగలదన్నాను.

"కొత్తదైతేంది? చెప్పు చెప్పే!"

ఆమె పట్టు ఆమెది, నా పట్టు నాది. అరలోంచి ఎం.సి.ఆర్. షీట్ తీశాను. కాళ్ళలో స్పర్శ తగ్గిన షుగరు రోగుల చెప్పులకు వాడే మెత్తటి రబ్బరు అది. పీటంత వెడల్పున రెండు ముక్కలు కోశాను.

"పీటలనుకో అక్కా, వీటి మీద నిలబడి వండు. ఒకటి పొయ్యి ముందర, మంటకు జర దూరంగ. ఇంకోటి గిన్నెలు కడిగే కాడ."

"పీటైతే సరే," అని నవ్వింది.

మంచం దిగకముందే తువాలును కాలివేళ్ళ కింద వేసి, మోకాలు వంచకుండా తనవైపు లాక్కోవాలని కూర్చుని చూపించాను.

"గీ వయసుల కసరత్తా! మా ఆయన చూస్తే నవ్వి సస్తడు."

"నవ్వనియ్యి. నువ్వు మాత్రం ఇడవకు."

విడవలేదు. మొదట్లో తేడా ఏమీ లేదని దుకాణం ముందు నుంచి పోతూ నన్ను తిట్టింది కూడా. దసరా సెలవులయ్యాక మళ్ళీ వచ్చింది, కుంటకుండా.

"తొలి అడుగు ఇంకా జర గుంజుతది. వంట మాత్రం నేనే చేస్తున్న. మా ఇంట్లకు గూడ ఒక పీట కొయ్యి భాయ్."

నొప్పి పేరు నాకు పుస్తకాలు నేర్పాయి. ఏం అడగాలో చంద్రమ్మ నేర్పింది. ఇప్పుడు మడమ నొప్పని ఎవరొచ్చినా, సైజు అడిగే ముందు ఒకటే అడుగుతాను: "చెప్పులు ఎక్కడ ఇడుస్తవ్?"