వదిన, నేను, ఐర్లాండు క్యాసెట్టు

మొన్న ఎండ తగ్గాక వరండాలో కూర్చుని ఫోనులో అదీ ఇదీ చూస్తుంటే ఒక పాత ఐర్లాండు పాట తగిలింది. పాడేది ఇద్దరే. ఆయన ఫిడేలు వాయిస్తాడు, ఆవిడ పాడుతుంది, చివర్లో ఇద్దరూ గొంతు కలుపుతారు. ఫిడేలు మొదలవగానే చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆ రికార్డు విని ముప్పై ఏళ్ళు దాటింది. పాట కింద ఎక్కడెక్కడి జనమో రాసిన మాటలున్నాయి. మా అమ్మ రొట్టెలు కాలుస్తూ ఈ పాటే పాడుకునేదని ఒకరు. మంచులో లారీ ఆగిపోయిన రోజు ఈ రికార్డే తోడని ఇంకొకరు. భార్య పోయాక పదేళ్ళు ఈ పాట జోలికి పోలేదనీ, ఇవాళే ధైర్యం చేశాననీ ఒక పెద్దాయన. చదువుతుంటే వీళ్ళంతా నా చుట్టాలే అనిపించింది. అంతలో తెలుగక్షరాలు కనపడ్డాయి. "ఇది మా సంఘంలో పాడుకునే పాట. మా అమ్మగారికి ప్రభువు ఇచ్చిన రాగం. ఈ విదేశీయులు దొంగిలించారు" అని ఉంది. సంఘంలో అందరూ అమ్మగారనేది మా వదిననే. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

ఆ క్యాసెట్టు నాది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇందులో నాది అని చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. అద్దంకి దగ్గర మా ఊళ్ళో అప్పట్లో ఒక చిన్న మిషను ఆసుపత్రి ఉండేది. అందులో ఐర్లాండు నుంచి వచ్చిన నర్సమ్మ పనిచేసేది. టీచరు ట్రైనింగు ముగించుకుని ఉద్యోగం కోసం గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను, ఆవిడకు తెలుగు చెప్పమని పాస్టరుగారు పురమాయించారు. ఆవిడ మా ఎండకు అలవాటు పడింది, దోమలకు అలవాటు పడింది గానీ మిరపకాయల కాలం వస్తే మాత్రం ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఊళ్ళో తిరిగేది. దేశం వెళ్ళిపోయేటప్పుడు తన టేప్ రికార్డరూ, ఒకే ఒక్క క్యాసెట్టూ నా చేతిలో పెట్టింది. "మా ఊళ్ళో వాన పడుతుంటే వినే పాటలు" అంది. మా ఊళ్ళో వాన కోసం కాచుక్కూర్చుంటే ఏడాదికి నాలుగుసార్లు కూడా వినలేమని మేం ఎండలోనే మొదలుపెట్టాం.

మేం అంటే వదినా నేనూ. అన్నయ్యకు పెళ్ళయి అప్పటికి ఏడాది. వదినది సముద్రం ఒడ్డున కొత్తపట్నం వైపు. గలగలా మాట్లాడేది, మాట కంటే ముందు పాట వచ్చేది. నా గొంతు సంగతి చెప్పుకోకపోవడమే మర్యాద. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరం కల్లంలో ఎండిన మిరపకాయల రాశి పక్కన, తాటాకు పందిరి కింద కూర్చుని రంగు చెడిన తాలుకాయలు ఏరేవాళ్ళం. మధ్యలో టేప్ రికార్డరు. సెల్లులు నీరసపడితే ఎండలో పెట్టి మళ్ళీ వేసేవాళ్ళం. పాట మంచి పట్టులో ఉన్నప్పుడు మిరప ఘాటుకు ఇద్దరికీ ఒకేసారి తుమ్ములొచ్చేవి. ఆ ఇంగ్లీషు మాకు ముక్క అర్థమయ్యేది కాదు, అందుకని ప్రతి పాటకీ కథ మేమే అల్లుకున్నాం. ఇష్టమైన ఆ పాటలో చేపల వేటకు పోయిన మొగుడు ఒడ్డుకు రాలేదని వదిన. కాదు, చెల్లెల్ని అత్తారింటికి పంపి అన్న ఏడుస్తున్నాడని నేను. "సముద్రం ఎరగనిదానివి, నీకేం తెలుసమ్మాయ్" అని కొట్టిపారేసేది. పాడేవాళ్ళు మొగుడూపెళ్ళాలా, అన్నాచెల్లెళ్ళా అని కూడా పోట్లాడుకున్నాం. ఇరుగుపొరుగువాళ్ళట, మొన్న ఫోనులో చదివాను. వెంటనే వదినకు చెప్పాలనిపించింది. ఇంత జరిగాక కూడా మొదట ఆవిడే గుర్తొచ్చినందుకు నామీద నాకే కోపమొచ్చింది.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ ఒక కొత్త పాట రావాలి. తెలిసిన వరస మీద మాటలు కూర్చినా తప్పులేదు, ఫలానా పాట వరస అని ముందు చెప్పి పాడితే చాలు. పాత కీర్తనల పుస్తకాల్లో అలాంటి వరసలు ఎన్నో. అందుకే ఆ ఏడు వదిన లేచి నిలబడి, చీర చెంగు తలమీద కప్పుకుని గొంతెత్తినప్పుడు, చాప మీద తాళాలు పట్టుకుని కూర్చున్న నేను పొంగిపోయాను. మా పాట! మా మిరప కల్లంలో పాట తెలుగు మాటలతో గుళ్ళోకి వచ్చింది! పాట అయ్యాక ఆవిడ నర్సమ్మ పేరు చెబుతుందనీ, నావైపు చూసి నవ్వుతుందనీ ఎదురుచూశాను. పాస్టరుగారు ఇది ఏ వరసమ్మా అని అడిగారు. వదిన కళ్ళు మూసుకుని, "మూడు రోజులు ఉపవాసముంటే ప్రభువే నా చెవిలో వేశాడండీ" అంది. గుడంతా స్తోత్రం అంది. అలవాటు కొద్దీ నేనూ అన్నాను. ఆ ఒక్క మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇంటికొచ్చి వదినను క్యాసెట్టు అడిగితే రీలు నలిగి పాడైపోయిందంది. చూపించమంటే పారేశానంది. నెల తిరిగాక అన్నయ్యకు మజ్జిగ పట్టుకుని జొన్నచేలోకి వెళ్ళాను. కంకులు పాలు పోసుకుంటున్నాయి, పిట్టలు వాలే సమయం. మావైపు పిట్టల్ని బెదరగొట్టడానికి క్యాసెట్టు రీలు లాగి చేనుకు అడ్డంగా కడతారు. ఎండకు తళుక్కుమంటుంది, గాలికి జుయ్యిమంటుంది, ఆ మోతకు పిట్ట దగ్గరకు రాదు. ఆ గట్టు నుంచి ఈ గట్టుదాకా రీలు కట్టి ఉంది. ఎక్కడిదన్నయ్యా అని అడిగాను. "మీ వదినే ఇచ్చిందే. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, ఎక్కడా తెగకుండా లాగి ఇచ్చింది" అన్నాడు. ఎక్కడా నలగలేదు. వేళ్ళతో తడిమి చూశాను. నేను మోసపోయిన సంగతి గుళ్ళో కాదు, ఆ గట్టుమీద నాకు అర్థమైంది.

ఎవరికైనా ఎందుకు చెప్పలేదంటారా? చెబితే అన్నయ్య కాపురంలో నిప్పు పెట్టినట్టవుతుంది. ఆధారం చూపమంటే చేలో రీలు చూపాలి. పైగా ఆ పాట చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. వదినకు శాలువాలు కప్పారు, మహిళా కూటాలకు పిలిచారు. మా అమ్మను మట్టి చేసిన రోజు కూడా గుంట దగ్గర ఆ పాటే పాడారు. వెక్కి వెక్కి ఏడ్చాను. అందరూ అమ్మ కోసమే అనుకున్నారు. మూడొంతులు అమ్మ కోసమే.

ఫోనులో ఆ మాట చదివాక ఇక ఆగలేక మర్నాడే ఒంగోలులో బస్సెక్కి ఊరెళ్ళాను. అన్నయ్య పోయి నాలుగేళ్ళు. ఇక ఎవరి కాపురమూ కూలదు. వదిన మంచం మీద కూర్చుని ఉంది, చుట్టూ సంఘం ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగాను. అందరి ముందూ అల్లరి చేయాలని రాలేదు. ఇద్దరమే ఉన్నప్పుడు ఒక్కసారి అవునంటే చాలు, నవ్వేసి ఇంటికెళ్ళేదాన్ని. ఫోను ఒళ్ళో పెట్టి పాట వేశాను. వదిన కళ్ళు మూసుకుంది. రికార్డులో మొదటి చరణం అయ్యాక ఫిడేలు ఒక్కటే కాసేపు వాయిస్తుంది. సంఘంలో పాడేటప్పుడు ఆ ఆగడం లేదు, ఏకబిగిన పాడేస్తారు. చరణం అవుతుండగానే వదిన వేలు పైకి లేచింది. ఫిడేలు వచ్చేదాకా, వచ్చి అయిపోయేదాకా ఆ వేలు గాల్లోనే ఆగి, రికార్డులో పాడే ఆవిడ గొంతు మళ్ళీ మొదలవుతుండగా సరిగ్గా మోకాలి మీద వాలింది.

"ఎవరో గానీ, మన పాట బాగా పాడారమ్మాయ్" అంది.

"వదినా, కల్లంలో మనిద్దరం విన్నాం గదా" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినపడింది.

నా కళ్ళలోకి సూటిగా చూసింది. "ఏ కల్లంలో?" అంది. "నీకు ఎండ దెబ్బ తగిలినట్టుంది, మంచినీళ్ళు తాగుదూగాని లే" అని లోపలికెళ్ళింది.

నీళ్ళు తాగాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను కూడా, ఈ వయసులో. రాగం తీసుకుంటే తీసుకుంది, నేనైతే దాన్ని పాడగలిగేదాన్నా ఏమన్నానా. శాలువాలూ ఆవిడకే ఉండనీ. కానీ ఆ మధ్యాహ్నాలు ఇద్దరివీ, వాటిని నా ముందే కాదనేసింది. గడిచిన కాలం తిరిగి రాదని ఊరందరూ చెబుతారు, అసలు అది గడవనేలేదని పక్కన కూర్చున్న మనిషే అంటే ఏం చేయాలో మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.