పదకొండు అంగుళాల తెరపై బొగ్గు ఓడ

2019 జూలై 8, సోమవారం, ఉదయం 6.40 గంటలకు విశాఖ ఓడరేవులో ఒక బొగ్గు ఓడ బెర్తుకు చేరింది. అప్పుడు నేను ఒక ప్రైవేటు సర్వే సంస్థలో సీనియర్ డ్రాఫ్ట్ సర్వేయరును. ఆ ఓడ పనిని సింహాచలానికి అప్పగించాను. అతనిది పెందుర్తి. నా ఈడువాడే, పదిహేడేళ్లుగా నాతో పనిచేస్తున్నాడు. హోదాలో ఒక మెట్టు కింద ఉన్నా నన్ను బావ అనే పిలిచేవాడు.

మా వృత్తి తెలియనివారి కోసం ఒక మాట. ఓడలోని సరుకును తక్కెడలో వేసి తూచలేము. ఓడ పక్కలపై ముందు, మధ్య, వెనుక, మొత్తం ఆరుచోట్ల అంకెలుంటాయి. నీటిమట్టం ఏ అంకెను తాకుతోందో చూసి, నీటి సాంద్రత కొలిచి, ఓడ మొత్తం బరువు లెక్క కడతాము. అందులోంచి, ఓడ నిలకడ కోసం అడుగు తొట్టెల్లో నింపే నీటి బరువు తీసివేయాలి. అందుకు ప్రతి తొట్టెలోకీ టేపు దించి లోతు చూడాలి. సరుకు దించకముందు ఒకసారి, దించాక ఒకసారి ఇలా చేస్తే వచ్చే తేడాయే బొగ్గు బరువు. క్రేను తొలి విడత బొగ్గు ఎత్తిందంటే మొదటి కొలతను మళ్లీ తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆ కొలతలను కార్బన్ పెట్టిన పుస్తకంలో రాసి, ఓడ చీఫ్ ఆఫీసరు చేత అక్కడికక్కడే సంతకం చేయించడం మా ఆనవాయితీ. ఆ ఏడాది ఏప్రిల్‌లో మా ప్రాంతీయ మేనేజరుగారికి ఇది అనాగరికంగా తోచింది. సర్వేయర్లకు చవక ల్యాప్‌టాప్‌లు కొని, పుస్తకాలను వెనక్కి ఇచ్చేయమన్నారు. సంతకం ఆ తరువాత ఆఫీసులో ముద్రించిన ప్రతిపై తీసుకుంటే చాలునన్నారు. కదలని బల్ల ముందు కూర్చునే ఆయన దగ్గర పెద్ద యంత్రం, తాడు నిచ్చెన ఎక్కే మా చేతికి ఆటబొమ్మ. పుస్తకాలన్నీ పోగుచేసి, సంతకం పెట్టి అప్పగించినవాణ్ని నేనే.

సింహాచలం ఆ యంత్రాన్ని అరచేతిలో పెట్టుకుని తూచాడు. "నా టిఫిన్ క్యారేజీ పాటి బరువు లేదు బావ. ఇందులో ఓడెలాగ పడతాది?"

దాని సుగుణాలను దాచను. భుజాన ఉన్నట్టే తెలియదు, ఛార్జింగు షిఫ్టంతా నిలుస్తుంది. ఉత్తరం రాయడానికి, కరెంటు బిల్లు కట్టడానికి, పిల్లలు పాఠాలు వినడానికి అంతకు మించినది అక్కర్లేదు. కానీ దాని నిల్వ ముప్పై రెండు జీబీలు; అందులో సింహభాగం యంత్రం తన సొంతానికే వాడుకునేది. ఎండలో తెర కనిపించదు. మా పట్టిక సగం తెర అవతలే ఉండిపోయేది. ధర ఒక్కటే చదివి కొన్నవారికి ఇవేవీ పట్టలేదు.

పదకొండో తేదీ మధ్యాహ్నం, బొగ్గు దించడం పూర్తయ్యాక, రెండో కొలతకు నేనూ ఓడ ఎక్కాను. సింహాచలం ల్యాప్‌టాప్ తెరిచి, సోమవారం తీసిన మొదటి కొలత ఫైలును నొక్కాడు.

"ఫైలు పేరుంది గానీ లోపల ఏటీ లేదు బావ. నాను సేవ్ సేసినాను, ఒట్టు."

చేశాడు. నిల్వ నిండిందన్న హెచ్చరిక తెర మూలన చీమతలంత అక్షరాల్లో వచ్చి పోయింది. ఆపైన యంత్రం తనను తాను నవీకరించుకుని, ఎవరినీ అడగకుండా ఆగి మళ్లీ మొదలైంది. మేనేజరుగారికి ఫోను చేస్తే, ఎక్కడో ఆన్‌లైన్‌లో ఉంటుంది చూడండి అన్నారు. ఇనుప గోడల మధ్య సిగ్నలే అందని చోట అది ఆన్‌లైన్‌కు ఎలా చేరుతుందో ఆయన చెప్పలేదు.

సాంద్రత కొలిచే గాజు పరికరం చెక్కపెట్టె మూత వెనుక సింహాచలం పెన్సిల్‌తో గీసుకున్న ఆరు అంకెలు, సాంద్రత దొరికాయి. చిన్న పడవలో ఓడ చుట్టూ తిరిగి అంకెలు చూసేటప్పుడు ల్యాప్‌టాప్ తీయడానికి భయపడి రాసుకున్నాడట. తొట్టెల లోతులు మాత్రం నేరుగా యంత్రంలోనే ఎక్కించాడు.

చీఫ్ ఆఫీసరు తన కాగితం తెచ్చాడు. అందులో మొదటి కొలతనాటి తొట్టెల నీరు 370 టన్నులు. సింహాచలానికి గుర్తున్నది 610. నీటిని తక్కువ చూపితే ఆ బరువు బొగ్గులో చేరుతుంది. లేని 240 టన్నుల బొగ్గు ఆ కాగితంపై ఉన్నట్టే తేలింది. మీ కాగితం చూపించండని అతను చాలా మర్యాదగా అడిగాడు. ఓడ కాగితంపైనే సంతకం చేశాము.

యార్డులో సరుకు తగ్గిందని బొగ్గు యజమాని ఫిర్యాదు చేశాడు. విచారణకు మేనేజరుగారే అధ్యక్షులు. పరికర వినియోగంలో అశ్రద్ధ అని రాసి సింహాచలాన్ని వేబ్రిడ్జి దగ్గర లారీలు తూచే పనికి దింపారు. ల్యాప్‌టాప్‌లు ప్రవేశపెట్టినందుకు ఆయనకు హెడ్డాఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది.

వేబ్రిడ్జి దగ్గర సింహాచలం నన్ను ఒక్కటే అడిగాడు: "పుస్తకాలు అప్పజెప్పిన కాయితం మీద నీ సంతకం ఉంది కదా బావ, మరి నీకేటి సేసారు?"

ఏమీ చేయలేదని చెప్పాను. అది నిజం.

నేను నేర్చుకున్నది ఇంతే: మళ్లీ తీసుకోలేని కొలతను అవతలివారి సంతకం లేకుండా ఏ యంత్రానికీ అప్పగించకూడదు, చవకదానికైతే అసలే కూడదు.

పోయినవి: ఇరవై రెండు తొట్టెల లోతులు, 240 టన్నులపై మా మాట, ఒక సర్వేయరు హోదా. మిగిలినవి: ఆరు అంకెలు, ఒక సాంద్రత, మేనేజరుగారి పదవి, నాదీ.